ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో తీరు: మా కీర్తితోరణం ల్యాబ్‌లో నల్లగా వస్తోంది, సాయం చేయండి

కీర్తితోరణం_టీమ్:
అందరికీ నమస్కారం. మాది హన్మకొండ, ఇంజినీరింగ్ ఫైనలియర్. వరంగల్ కోటలోని కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి కంప్యూటర్‌లోనే తిరిగి చూసేలా త్రీడీలో ఒక ప్రాజెక్ట్ చేస్తున్నాం. సీ ప్లస్ ప్లస్‌లో రాశాం. బొమ్మ గీయమని గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పడానికి ఓపెన్‌జీఎల్ 3.3, విండో తెరవడానికి జీఎల్ఎఫ్‌డబ్ల్యూ. నా లాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డు ఉంది. అందులో ఏ ఇబ్బందీ లేదు. బయటికి తీసుకెళ్తేనే పరేషాన్.

కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ సిస్టమ్‌లు. అక్కడ తోరణం మొత్తం నల్లగా వస్తోంది. ఆకాశం, నేల మాత్రం బాగానే ఉన్నాయి. గుడి గోడల మీద చెక్కడాలు కెమెరా కదిలినప్పుడల్లా మిణుకుమిణుకుమంటున్నాయి. నున్నటి నల్లరాతి స్తంభాల మీద ఉన్నట్టుండి నల్లటి చతురస్రాలు పుట్టి మాయమవుతున్నాయి. ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌లో అయితే విండో కూడా తెరుచుకోవడం లేదు. మా ఫ్రెండ్ మ్యాక్‌బుక్‌లో బొమ్మ మొత్తం కింద ఎడమ మూలలో పావు వంతులోకి సర్దుకుపోయింది.

గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఇలాగే ఉంటుందని మా సార్ అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అవే సిస్టమ్‌లలో వేరే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లు మంచిగానే నడుస్తున్నాయి. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

రాజ్_గేమర్:
సార్ చెప్పింది నిజమే బ్రో. రివ్యూ రోజు నీ లాప్‌టాప్ తీసుకెళ్లి చూపించు, అయిపోతుంది.

ఓరుగల్లు_పిక్సెల్:
తమ్ముడూ, లాప్‌టాప్ తీసుకెళ్తే రివ్యూ గడుస్తుంది గానీ ప్రోగ్రామ్ బాగుపడదు. కార్డు బలహీనమైతే బొమ్మ నెమ్మదిగా కదులుతుంది, ఆగి ఆగి వస్తుంది. తప్పు రంగు రాదు. నల్లగా రావడం, మిణుకుమనడం, మూలకు జరగడం వేగానికి సంబంధించినవి కావు.

ముందుగా ఒక మాట. ఇవన్నీ ఒకే జబ్బు అనుకోకు. నువ్వు చెప్పినవాటిలో కనీసం నాలుగైదు వేర్వేరు సమస్యలున్నాయి. అన్నిటికీ కలిపి ఒక్క మందు వెతికితే ఏదీ తగ్గదు. ఒక్కోదాన్నీ విడిగా పట్టుకుందాం.

మొదటి పని: విండో తెరిచిన వెంటనే వెండర్, రెండరర్, వర్షన్ అనే మూడు స్ట్రింగులు అడిగి ఒక ఫైల్‌లోకి రాయించు. గెట్ స్ట్రింగ్ ఫంక్షన్ ఇస్తుంది. ప్రతి సిస్టమ్‌లో నడిపి ఆ ఫైల్ ఇక్కడ పెట్టు. బొమ్మను ఏ చిప్ గీస్తోందో, ఏ డ్రైవర్ గీయిస్తోందో తెలియకుండా ఎవరం ఏం చెప్పినా ఊహే.

రెండో పని: షేడర్ (చిప్ మీద నడిచి స్థానాలు, రంగులు లెక్కించే చిన్న ప్రోగ్రామ్) కంపైల్ అయిందా, ప్రోగ్రామ్ లింక్ అయిందా అని అడుగుతున్నావా? లాగ్ చదువుతున్నావా?

కీర్తితోరణం_టీమ్:
ల్యాబ్‌లో ఎక్కువ వాటిలో ఇన్‌బిల్ట్ చిప్ పేరు, వర్షన్ 4.0 అని వచ్చింది. తెరుచుకోని సిస్టమ్‌లో 3.3 అడగకుండా ఖాళీ విండో తెరిచి చూస్తే రెండరర్ “జీడీఐ జెనెరిక్”, వర్షన్ 1.1.0. మ్యాక్‌బుక్‌లో 4.1.

షేడర్ లాగ్ చదివే కోడ్ ఇప్పుడే పెట్టాను. నా లాప్‌టాప్‌లో ఖాళీగా వచ్చింది. ల్యాబ్‌లో రేపు చూసి చెప్తాను అన్నా.

సుబేదారి_సిస్టమ్స్:
జీడీఐ జెనెరిక్ గురించి నేను చెప్తాను, మా షాపుకు ఇలాంటివి మస్తు వస్తాయి. అది ఏ కార్డు పేరూ కాదు. అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ దొరకనప్పుడు విండోస్ తనతో పాటు ఉంచుకున్న సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్ అది. 1.1 దాటి రాదు, షేడర్లే ఉండవు. మీరు 3.3 అడిగితే విండో ఎట్లా తెరుచుకుంటుంది?

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి చూడండి. “మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్” అని ఉంటే, ఫార్మాట్ చేశాక డ్రైవర్ వేయలేదన్నమాట. స్క్రీన్ రావడానికి అది చాలు కాబట్టి ఎవరూ గమనించరు. ఆ సిస్టమ్ తయారీ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి డ్రైవర్ దించుకోవాలి. డ్రైవర్ల కోసం వేరే సాఫ్ట్‌వేర్‌లు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. ఇంకో సంగతి, దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో చూస్తున్నా కొన్నిసార్లు ఇదే పేరు వస్తుంది. సిస్టమ్ ముందు కూర్చుని చూడండి.

షేడర్_అక్క:
ల్యాబ్‌లో డ్రైవర్ వేయడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ దొరకకపోతే మెసా అనే ఉచిత ఓపెన్‌జీఎల్ సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్ కోసం కట్టిన మెసా ప్యాకేజీలోని డీఎల్ఎల్ ఫైళ్లను మీ ప్రోగ్రామ్ పక్కనే పెడితే ప్రాసెసరే బొమ్మ గీస్తుంది. నెమ్మదిగా ఉంటుంది, కానీ తెరుచుకుంటుంది. పరీక్షించడానికి కూడా పనికొస్తుంది, ఎందుకంటే అది ఎన్విడియా కాదు, ల్యాబ్ చిప్ కాదు, మూడో రకం. మూడింటిలో ఒకేలా వస్తే కొంత ధైర్యంగా ఉండొచ్చు.

పరీక్ష కోసం ప్రతిసారీ ల్యాబ్‌కి పరిగెత్తకు. నీ లాప్‌టాప్‌లోనే ఒక ఇన్‌బిల్ట్ చిప్ కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనో, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ పేజీలోనో మీ ప్రోగ్రామ్‌కు ఇంటిగ్రేటెడ్ ఎంచుకో. తర్వాత రెండరర్ పేరు నిజంగా మారిందో లేదో ఆ ఫైల్‌లో చూసుకో. మారితే ల్యాబ్ నీ టేబుల్ మీదికే వచ్చినట్టు.

కీర్తితోరణం_టీమ్:
అక్కా, ఇది ముందే తెలిసుంటే ఎంత తిరుగుడు తప్పేదో! ఇన్‌బిల్ట్‌కు మార్చగానే నా లాప్‌టాప్‌లో కూడా తోరణం నల్లగా వచ్చింది. లాగ్‌లో ఎర్రర్ ఉంది: శాంప్లర్ అర్రేని (టెక్చర్లను, అంటే ఉపరితలం మీద అంటించే చిత్రాలను, చదివే శాంప్లర్ల వరుసను) స్థిరమైన సంఖ్యతోనే సూచించాలి అని దాని సారాంశం. తోరణం షేడర్‌లో రాయి, నాచు, చెక్కడం, దుమ్ము అని నాలుగు టెక్చర్లు ఒక అర్రేలో పెట్టి లూప్‌లో కలుపుతున్నాం. మరి ఎన్విడియాలో ఎర్రర్ ఎందుకు రాలేదు? లింకే కాని షేడర్‌తో నల్లగానైనా బొమ్మ ఎలా వచ్చింది?

ఓరుగల్లు_పిక్సెల్:
ఎర్రర్ దొరికింది కదా, సగం పని అయినట్టే. రెండు ప్రశ్నలూ మంచివి.

షేడర్ భాష 3.30 నియమం ప్రకారం శాంప్లర్ అర్రేకి ఇచ్చే సూచిక కంపైల్ సమయానికే తెలిసిన స్థిరాంకం కావాలి. లూప్‌లో తిరిగే చలరాశి చెల్లదు. 4.00 నుంచి ఆ నియమం కొంత సడలింది. ఎన్విడియా కంపైలర్ ఇలాంటి చోట్ల ఉదారంగా ఉంటుంది. నియమం ఒప్పుకోనివాటిని కూడా చాలాసార్లు అర్థం చేసుకుని నడిపిస్తుంది. ల్యాబ్‌లోని డ్రైవర్ పుస్తకంలో రాసినట్టే పోయింది. ఇక్కడ ల్యాబ్ సిస్టమ్‌ది తప్పు కాదు, అది నియమం పాటించింది. నీ లాప్‌టాప్‌లో బాగా రావడం ఆ డ్రైవర్ దయ. ఆ దయ అన్ని చోట్లా దొరకదు.

నల్లగా ఎందుకంటే: లింక్ కాని ప్రోగ్రామ్‌ను వాడమని చెప్పినప్పుడు ఓపెన్‌జీఎల్ ‘ఇన్వాలిడ్ ఆపరేషన్’ అనే ఎర్రర్ నమోదు చేసుకుని ఊరుకుంటుంది. అంతకుముందు వాడుతున్న షేడర్ అలాగే కొనసాగుతుంది. నీ కోడ్‌లో తోరణానికి ముందు నేల గీస్తున్నావనుకుంటా. అంటే తోరణాన్ని నేల షేడరే గీసింది. దానికి కావాల్సిన టెక్చర్ యూనిట్‌లో ఏ చిత్రమూ కట్టి ఉండదు. అక్కడి నుంచి చదివితే వచ్చేది నలుపే. ప్రోగ్రామ్ ఆగిపోదు, కేక వేయదు. లోపం ఒకచోట ఉంటే లక్షణం ఇంకోచోట కనిపిస్తుంది, అదే ఓపెన్‌జీఎల్‌తో ఉన్న కష్టం.

లూప్ తీసేసి నాలుగు టెక్చర్లనూ విడివిడిగా 0, 1, 2, 3 అని రాయి. లేదా నాలుగూ ఒకే కొలతలో ఉంటే టెక్చర్ అర్రేగా మార్చు. దానికి లూప్ చలరాశి ఇవ్వొచ్చు. అది మామూలు శాంప్లర్ అర్రే లాంటిది కాదు, పొర సంఖ్యను కోఆర్డినేట్‌గానే తీసుకుంటుంది.

షేడర్_అక్క:
ఇంకొకటి చేర్చుతాను. ఓపెన్‌జీఎల్ నియమాలు రాసే క్రోనోస్ వాళ్లదే గ్లాస్‌ల్యాంగ్ అనే చెకర్ ఉంది. ఏ కార్డుతోనూ సంబంధం లేకుండా షేడర్‌ను నియమాలతో పోల్చి చూస్తుంది. ప్రతి షేడర్ ఫైల్‌నూ బిల్డ్‌లోనే దాని గుండా పంపు. ఎన్విడియా మొహమాటానికి వదిలేసినవన్నీ అక్కడ బయటపడతాయి.

షేడర్‌లో కాంతిని కూడబెట్టే చలరాశికి మొదట విలువ ఇచ్చావో లేదో కూడా చూడు. చాలామంది “వెక్3 మొత్తం” (వెక్3 అంటే మూడు సంఖ్యల గుంపు) అని రాసి, సున్నా పెట్టకుండానే లూప్‌లో కలుపుతూ పోతారు. కొన్ని డ్రైవర్లలో అది అదృష్టవశాత్తూ సున్నాతో మొదలవుతుంది. మిగతా వాటిలో ఏముంటే అది. భాష ఏ హామీ ఇవ్వలేదు.

కీర్తితోరణం_టీమ్:
నాలుగు టెక్చర్లూ విడదీశాం, తోరణం వచ్చేసింది! మీరన్నట్టే దీపాల లూప్‌లో మొదటి విలువ లేదు, అదీ పెట్టాం. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం అది, ల్యాబ్‌లో నల్లగా కనిపిస్తుంటే మనసుకు చాలా కష్టంగా ఉండింది.

ఇక మిణుకుమిణుకు, చతురస్రాలు, మ్యాక్‌బుక్ మిగిలాయి.

ఓరుగల్లు_పిక్సెల్:
మ్యాక్‌బుక్‌ది చిన్నది. వ్యూపోర్ట్‌కు, అంటే బొమ్మ గీసే చోటుకు, విండో కొలత ఇస్తున్నావు. రెటీనా తెరపై విండో కొలత వేరు, అసలు పిక్సెల్‌లు వేరు. అడ్డంగా రెట్టింపు, నిలువుగా రెట్టింపు. అందుకే సరిగ్గా పావు వంతు, అదీ కింద ఎడమ మూల, ఎందుకంటే ఓపెన్‌జీఎల్‌కు సున్నా అక్కడే మొదలు. జీఎల్ఎఫ్‌డబ్ల్యూలో విండో కొలత బదులు ఫ్రేమ్‌బఫర్ కొలత అడుగు. బ్లూమ్ (మెరుపు చుట్టూ కాంతి పరిచేది) వాడుతుంటే దాని కోసం కట్టిన బఫర్లకూ అదే కొలత. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్‌ను 2018లోనే ఆపిల్ పక్కన పెట్టింది. 4.1 దగ్గరే ఆగిపోయింది, కాబట్టి అంతకు మించినదేదీ వాడకు.

మిణుకుమనడానికి కారణం దాదాపు ఖాయంగా డెప్త్, అంటే ఏది ముందో ఏది వెనకో తేల్చే లెక్క. నియర్ ప్లేన్, ఫార్ ప్లేన్ (కెమెరాకు కనిపించే అతి దగ్గర, అతి దూరపు హద్దులు) ఎంత? గోడకూ చెక్కడం పొరకూ మధ్య దూరం ఎంత?

కీర్తితోరణం_టీమ్:
నియర్ 0.001, ఫార్ 5000. స్తంభానికి ఎంత దగ్గరికి వెళ్లినా కోసుకుపోకూడదని అంత తక్కువ పెట్టాం. మీటర్లలో. చెక్కడం పొర గోడకు 5 మిల్లీమీటర్లు ముందుంది.

ఓరుగల్లు_పిక్సెల్:
ఇక లెక్క చూద్దాం. చేతితో వేసి చూస్తేనే ఇది మనసుకెక్కుతుంది.

డెప్త్ బఫర్‌లో దూరాలు సమానంగా పంచుకోవు. కెమెరా దగ్గర చాలా సన్నగా, దూరం పోయేకొద్దీ మొరటుగా ఉంటాయి. ఫార్ బాగా దూరంగా ఉన్నప్పుడు, కెమెరాకు ఎంతో దూరంలో ఉన్న రెండు పొరలను విడిగా గుర్తించాలంటే ఉండాల్సిన కనీస ఎడం సుమారుగా ఇది: దూరం వర్గాన్ని నియర్ విలువతోనూ, 24 బిట్ల బఫర్ అయితే 1,67,77,216 తోనూ భాగించాలి. 50 మీటర్ల దూరానికి వర్గం 2500. నియర్ 0.001 అయితే దాదాపు 15 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 50 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల లోపు ఉన్న రెండు పొరల్లో ఏది ముందో బఫర్‌కు తెలియదు. నీ చెక్కడం 5 మిల్లీమీటర్లే.

అదే నియర్ 0.1 పెట్టు. 1.5 మిల్లీమీటర్లు అవుతుంది. 5 మిల్లీమీటర్ల ఎడం హాయిగా తెలుస్తుంది. ఫార్‌ను 5000 నుంచి 500కి తగ్గించినా పెద్ద లాభం ఉండదు. చాలామంది ఫార్‌తోనే కుస్తీ పడతారు. అసలు మీట నియర్ దగ్గర ఉంది. స్తంభం కోసుకుపోకుండా ఉండాలంటే కెమెరా చుట్టూ పది సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ దూరంలో ఢీకొనే హద్దు పెట్టు. మనిషి కన్ను కూడా గోడకు అంతకంటే దగ్గరికి పోదు.

ఎన్విడియాలో ఎందుకు కనిపించలేదంటావా? గోడకు ఒక షేడర్, చెక్కడానికి ఇంకో షేడర్ వాడుతున్నావు. ఒకే మాట్రిక్స్ గుణకారాన్ని రెండు షేడర్లలో వేర్వేరు వరుసలో చేస్తే చివరి బిట్లలో తేడా వస్తుంది. ఏ వరుసలో చేయాలో ప్రతి కంపైలర్ తనకు తోచినట్టు నిర్ణయించుకుంటుంది. రెండు వర్టెక్స్ షేడర్లలోనూ పొజిషన్‌కు ‘ఇన్వేరియంట్’ అని రాసి, గుణకారం అచ్చం ఒకేలా రాయి. అప్పటికీ దూరంలో కొంచెం మిగిలితే చెక్కడం పొరకు పాలిగాన్ ఆఫ్‌సెట్ (పొర లోతును కాస్త ముందుకు జరిపేది) వాడు.

షేడర్_అక్క:
చతురస్రాల సంగతి నాకు వదిలేయండి, నాకిష్టమైన విషయం.

వేయిస్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాలు ఎంత నున్నగా ఉంటాయో చూసిన వాళ్లకు తెలుసు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఆ మెరుగు ఇప్పటికీ పోలేదు. ఆ మెరుపు కోసం మీరు స్పెక్యులర్‌లో, అంటే మెరుపు లెక్కలో, ఘాతం పెద్దగా పెట్టి ఉంటారు, ‘పౌ’ ఫంక్షన్‌తో. ప్రశ్న ఇదీ: పౌ లోపలికి వెళ్లే డాట్ విలువ (రెండు దిశల మధ్య కోణం చెప్పే సంఖ్య) సున్నా కంటే తగ్గకుండా మాక్స్ చేశారా?

వెలుతురు స్తంభం వెనక నుంచి పడే చోట ఆ విలువ రుణాత్మకం అవుతుంది. రుణ సంఖ్యకు పౌ ఫలితం నిర్వచితం కాదని భాషలోనే రాసి ఉంది. ఒక చిప్ సున్నా ఇస్తుంది, ఇంకోటి ‘నాన్’ ఇస్తుంది, అంటే సంఖ్యే కానిది. ఒక్క పిక్సెల్‌లో నాన్ పుడితే కంటికి ఆనదు. కానీ మీరు బ్లూమ్ వేస్తున్నారు. బ్లూమ్ బొమ్మను చిన్నది చేసి, మసక చేసి, మళ్లీ పెద్దది చేస్తుంది. నాన్‌తో ఏది కలిపినా నానే. ఆ ఒక్క పిక్సెల్ చుట్టుపక్కల అన్నిటినీ మింగి చతురస్రంలా పరుచుకుంటుంది. మీకు కనిపిస్తున్నది అదే.

డాట్‌ను సున్నాతో మాక్స్ చేయండి. సున్నా పొడవున్న నార్మల్స్ (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే దిశలు) ఉన్నాయేమో మోడల్‌లో వెతకండి, వాటిని నార్మలైజ్ చేసినా ఇదే గతి. బ్లూమ్ మొదటి మెట్టులో నాన్ అయిన పిక్సెల్‌ను ముదురు గులాబీ రంగుగా చూపించే పరీక్ష పెట్టండి. ఎక్కడ పుడుతోందో వేలుపెట్టి చూపిస్తుంది. రెండర్‌డాక్ అనే టూల్ వాడితే ఒక ఫ్రేమ్‌ను పట్టుకుని ఏ డ్రాలో (గీసే ఆదేశంలో) పుట్టిందో కూడా చూడొచ్చు.

కరీంనగర్_ఫ్లెక్స్:
నాకు షేడర్లు తెలియవు, కానీ రంగుల సంగతి తెలుసు, ఫ్లెక్స్ ప్రింటింగ్ మాది. రివ్యూ ప్రొజెక్టర్ మీద ఉంటే ముందురోజే దాని మీద ఒకసారి చూసుకోండి. నల్లరాయి వివరాలు ప్రొజెక్టర్ మీద మొదట మాయమవుతాయి. గది లైట్లు ఆర్పించండి. మా దగ్గర మానిటర్‌లో కనిపించిన మెరూన్ ప్రింట్‌లో ఎప్పుడూ అదే రాదు, అందుకే కస్టమర్‌కు ముందు చిన్న ముక్క కొట్టి చూపిస్తాం.

ఓరుగల్లు_పిక్సెల్:
మంచి సలహా. దానితో పాటు, సిస్టమ్‌ల మధ్య మొత్తం బొమ్మే ముదురుగానో తెల్లబారినట్టో వస్తే ఎస్‌ఆర్‌జీబీ, అంటే తెరకు తగ్గట్టు వెలుతురు సర్దే రంగుల పద్ధతి, చూడండి. జీఎల్ఎఫ్‌డబ్ల్యూలో ఎస్‌ఆర్‌జీబీ ఫ్రేమ్‌బఫర్ స్పష్టంగా అడగకపోతే ఒక్కో డ్రైవర్ ఒక్కోలా ఇవ్వొచ్చు. అడగండి, లేదంటే ఆ సర్దుబాటును, అంటే గామాను, చివరి షేడర్‌లో మీరే వేయండి. రెండూ చేస్తే రెండుసార్లు పడుతుంది.

కీర్తితోరణం_టీమ్:
మాక్స్ పెట్టగానే చతురస్రాలు పోయాయి. గులాబీ పరీక్షలో మూడు స్తంభాల అడుగున సున్నా నార్మల్స్ కూడా దొరికాయి. నియర్ 0.1 చేశాం, ఇన్వేరియంట్ రాశాం, చెక్కడాలు నిలకడగా ఉన్నాయి. మ్యాక్‌బుక్‌లో నిండుగా వస్తోంది. ల్యాబ్‌లో ఆ ఒక్క సిస్టమ్‌కు డ్రైవర్ వేయించాం. మా సార్‌కు ఈ చర్చ చూపించాను, వచ్చే బ్యాచ్‌కు షేడర్ లాగ్ చదవడం తప్పనిసరి చేస్తానన్నారు. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మంచిర్యాల_మాస్టారు:
నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. మా పిల్లల్లో చాలామంది వరంగల్ కోట చూడలేదు. మీ ప్రోగ్రామ్ మా కంప్యూటర్ గదిలో పెట్టాలని ఆశ. మా దగ్గరున్నవి పాతవి, రెండో తరం కోర్ ప్రాసెసర్లు, విడిగా కార్డు లేదు. ఇందులో నడుస్తుందా నాయనా?

కీర్తితోరణం_టీమ్:
సార్, ఇలా అడిగినందుకే చాలా సంతోషంగా ఉంది. మేం దీన్ని మొదలుపెట్టిందే అలాంటి పిల్లల కోసం. కానీ ఆ చిప్‌లో 3.3 వస్తుందా? పిక్సెల్ అన్నా, షేడర్ అక్కా?

షేడర్_అక్క:
ఆ తరం ఇన్‌బిల్ట్ చిప్‌లకు విండోస్ డ్రైవర్ 3.1 వరకే ఇస్తుంది. 3.3 అడిగితే విండో తెరుచుకోదు. కాబట్టి 3.1కి దిగాలి, అది సాధ్యమే.

జీఎల్ఎఫ్‌డబ్ల్యూలో వర్షన్ 3.1 పెట్టి కోర్ ప్రొఫైల్ అడగడం తీసేయండి. ప్రొఫైళ్లు 3.2తో వచ్చాయి, అంతకు తక్కువ వర్షన్‌తో కలిపి అడిగితే ఎర్రర్ వస్తుంది. షేడర్ల భాష వర్షన్‌ను 1.40కి మార్చండి. అందులో లేఅవుట్ లొకేషన్ రాయడం కుదరదు, కాబట్టి లింక్ చేయడానికి ముందే ‘బైండ్ అట్రిబ్ లొకేషన్’తో పొజిషన్, నార్మల్, టెక్చర్ కోఆర్డినేట్‌ల స్థానాలు మీరే ఖాయం చేయండి. డ్రైవర్‌కు వదిలేస్తే ఒక్కోటి ఒక్కో వరుసలో పెడుతుంది.

స్తంభాలను ఇన్‌స్టెన్సింగ్‌తో (ఒకే ఆకారాన్ని ఒక్క ఆదేశంతో చాలాసార్లు గీసే పద్ధతితో) గీస్తున్నారా?

కీర్తితోరణం_టీమ్:
అవును అక్కా, ప్రతి స్తంభానికీ దాని స్థానం అందించడానికి అట్రిబ్ డివైజర్ వాడుతున్నాం.

షేడర్_అక్క:
డివైజర్ 3.3లో కోర్ అయింది, 3.1లో దాని మీద ఆధారపడొద్దు. ఇన్‌స్టెన్సింగ్, యూనిఫాం బఫర్ (షేడర్లకు విలువలు అందించే మెమరీ) రెండూ 3.1లోనే ఉన్నాయి. స్తంభాల స్థానాలను యూనిఫాం బఫర్‌లో పెట్టి, ఇన్‌స్టెన్స్ ఐడీతో తీసుకోండి. వెక్3 అర్రేగా పెట్టొద్దు. ఆ బఫర్లో విలువలు అమర్చే ఎస్‌టీడీ140 పద్ధతిలో అర్రేలోని ప్రతి వెక్3 కూడా 16 బైట్లు ఆక్రమిస్తుంది. సీ ప్లస్ ప్లస్ వైపు 12 చొప్పున పంపితే స్తంభాలన్నీ చెల్లాచెదురవుతాయి. వెక్4 వాడి, నాలుగో అంకెలో స్తంభం తిరిగే కోణం పెట్టండి. ఏ చిప్ అయినా అలాంటి ఒక్కో బఫర్ బ్లాక్‌కు కనీసం 16,384 బైట్లు ఇస్తుందని నియమం. 16తో భాగిస్తే 1024. మీ వెయ్యి స్తంభాలూ ఒకే బ్లాక్‌లో పడతాయి.

సుబేదారి_సిస్టమ్స్:
మాస్టారూ, డ్రైవర్ల సంగతి నేను చూస్తాను. సిస్టమ్ మోడల్ నంబర్లు, విండోస్ ఏ వర్షనో ఇక్కడ రాయండి.

మంచిర్యాల_మాస్టారు:
సోమవారం బడికి వెళ్లగానే రాసి పెడతాను.